పన్నెండు రోజులు తెగని దారం

మాకు గుర్రపుస్వారీ నేర్పిన గురువుగారు పోయారని ఫోను వచ్చేటప్పటికి నేను నరసన్నపేట బస్టాండు ఎదురుగా ఇడ్లీ తింటున్నాను. ఫోను చేసింది ఆయన కొడుకు. "అయ్య ఎల్లిపోయాడు బాబూ, తెల్లారగట్ల" అన్నాడు. అయ్యో అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని మిగిలిన ఇడ్లీ కూడా తిన్నాను. ఆయన విషయంలో నేను సిగ్గుపడవలసిన వాటిలో అది చాలా చిన్నది. పెద్దది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనది రాజాం దగ్గర ఊరు. మొదట జట్కా తోలేవారు. ఆటోలొచ్చి జట్కాలు పోయాక, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాల్ని తయారుచేసేవారు. పెళ్ళి గుర్రమంటే మనకి అలంకారమే కనిపిస్తుంది గానీ దాని చదువు వేరు. ఉలవలు పెట్టినప్పుడల్లా ఆయన పక్కన నిలబడి రేకు డబ్బా వాయించేవారు. మొదట గోటితో, నెల తిరిగేసరికి కర్రతో. ఆ గుర్రాలకి బ్యాండు మేళం వినబడితే భయం వేసేది కాదు, ఆకలి వేసేది. పెళ్ళికొడుకుల్ని అలా తయారుచేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి వణికేది వాళ్ళే. సరే, విషయానికొస్తాను.

నాకు నలభై ఏడో ఏట డాక్టరు రోజూ నడవమన్నాడు. అప్పట్లో రాజాంలో ఎరువుల కొట్లో కూర్చుని పెంచిన ఒళ్ళు. నా బదులు గుర్రం నడుస్తుంది కదా అని ఆయన దగ్గర చేరాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఎక్కడం నాను నేర్పుతాను బాబూ. దిగడం గుర్రం నేర్పుతాది" అన్నారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. పగ్గాన్ని నేరుగా కళ్ళెం ఇనుముకి కట్టనిచ్చేవారు కాదు. రెండింటి మధ్యా జానెడు కుట్టుదారం ఉండాలి, జాకెట్లు కుట్టే మామూలు తెల్లదారం. చెయ్యి బరువైతే అది తెగుతుంది. తెగితే ఆ రోజుకి చదువు అయిపోయినట్టే. దిగి, గుర్రాన్ని ఊరవతల మైదానం నుంచి కొట్టందాకా నడిపించుకుంటూ తేవాలి. "నోరు దానిది, సెయ్యి నీది. రెండిటికీ తగువు రాకుండా సూసుకో" అనేవారు. ఎవరి దారం వాళ్ళే కట్టుకోవాలి. ఆయన సరిచూసేవారు కాదు. చూద్దామన్నా అప్పటికే కళ్ళలో పొరలు.

నాతోపాటు ఆయన కొడుకూ నేర్చుకునేవాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళవాడు. పుట్టి పెరిగింది గుర్రాల మధ్యే అయినా తండ్రి దృష్టిలో చదువింకా పూర్తికాలేదు. వాడి దారం మూడో చుట్టులో తెగేది. నాది మూడో అడుగులో.

"ఏటి బాబూ, ఎరువు బస్తా లాగినట్టు లాగెస్తన్నారు" అనేవాడు.

"నీదీ తెగింది కదరా."

"నాది మూడు సుట్లు, మీది మూడడుగులు. తేడా లేదేటి?"

ఇద్దరం నవ్వుకుంటూ తిరిగొచ్చేవాళ్ళం. డాక్టరు చెప్పిన నడక అలా సాగిపోయింది. ఇవాళ్టికీ ఎవరి చెయ్యి పట్టుకున్నా నేనెంత గట్టిగా లాగుతున్నానో నాకు తెలుస్తుంది. దారం తెగిన రోజుల్లో ఆయన పెట్టిన భిక్ష అది. అక్కడితో ఆగినా బాగుండేది.

రెండు నెలలకి నాకు అవమానమనిపించింది. సంతలో వలలు బాగుచేసే ఆయన దగ్గర సన్న తంగూసు కొన్నాను. వలలకి వాడే నైలాను దారం అది. చేపలు గింజుకున్నా తెగనిది నేను లాగితే తెగుతుందా? మెరవకుండా దానికి సున్నం కూడా రాశాను.

పన్నెండు రోజులు తెగలేదు.

గురువుగారి సంతోషం చూడాలి. నా అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళన్నీ తడిమారు. కొడుకుని పిలిచారు. "ఒరే, ఇలగ రా. ఎరువులమ్మినోడి సెయ్యి సూడు. గుర్రాల కొట్టంలో పుట్టి నువ్వేటి నేర్సుకున్నావురా?" అన్నారు. వాడు నా చేతిని చూశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ వారమే గుర్రం పెదవి మూల పుండు తేలింది. ఇనుము గరుకెక్కిందనుకుని ఆయన అరుగు మీద కూర్చుని గంటసేపు ఉప్పుకాగితంతో దాన్ని రుద్దారు. నేను పక్కనే కూర్చుని టీ తాగాను. పుండు మానాక, ఆయన లేనప్పుడు ఒకసారి అసలు దారం కట్టి ఎక్కాను. నాలుగో అడుగులో తెగింది. మోకాలు నొప్పని చెప్పి మానేశాను.

కొడుకు మరికొన్నాళ్ళు చూసి, పగ్గం మేకుకి తగిలించేశాడు. మళ్ళీ గుర్రం ఎక్కలేదు. ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళినా తాడు పట్టుకుని ముందు నడిచేవాడే. గురువుగారు మాత్రం కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నా పన్నెండు రోజుల సంగతి చెప్పేవారట. ఏటా మామిడిపళ్ళు పట్టుకుని వెళ్తే నా చెయ్యి తడిమి, "తేలిక సెయ్యి" అని మురిసిపోయేవారు. తంగూసు కథ చెప్పి నరసన్నపేటలో ఎంతమందిని నవ్వించానో. ఆయనకి మాత్రం చెప్పలేదు.

పదోరోజుకి వెళ్ళాను. భోజనాలయ్యాక కొడుకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడికీ కణతల దగ్గర నెరిసింది.

"ఆస్పత్రిలో కూడా అదే మాట బాబూ. నా సెయ్యి అట్టుకుని, ఇది ఎప్పుడు తేలికవుతాదిరా అన్నాడు. నానేటి సెప్పను?"

ఇక దాచలేకపోయాను. "ఒరే, ఆ పన్నెండు రోజులూ నేను కట్టింది దారం కాదురా. తంగూసు."

వాడు నవ్వాడు. "ఇయాల కూడా ఏలాకోలమేటి బాబూ?"

జీవితమంతా నవ్వించినవాడు నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? వాడి తండ్రి ఫోటో వైపు చెయ్యి చాపి ఒట్టు వెయ్యాల్సి వచ్చింది. సున్నం రాసిన సంగతి చెప్పేటప్పటికి వాడి నవ్వు పోయింది.

"అయ్యకి తెలుసా?"

"తెలీదు."

"అయ్య ఉన్నప్పుడు సెప్పాల్సింది." కాసేపు తన అరచేతుల్ని చూసుకున్నాడు. "నాను నా సెయ్యే మొద్దనుకున్నాను బాబూ, ఇన్నాళ్ళూ."

క్షమించమందామని నోరు తెరిచాను. వాడు అప్పటికే లేచాడు. "గుర్రాన్ని కాలవకి తోలుకెళ్ళాల" అంటూ కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

గుర్రాన్ని బయటికి తెచ్చాడు. దాని మీద జీను లేదు. వీధి మధ్యలో ఆగి వీపు మీద చెయ్యి వేశాడు. ఎక్కుతాడేమోనని నేను అరుగు మీద లేచి నిలబడ్డాను. వీపుకి అంటుకున్న గడ్డిపరకలు దులిపి, వాడు మళ్ళీ ముందుకి నడిచాడు. గుర్రం వెనకే వెళ్ళింది. వాడి చేతికీ దాని మూతికీ మధ్య తాడు ఎక్కడా బిగుసుకోలేదు. నేలకి తగిలీ తగలకుండా ఊగుతూ, వీధి మలుపు తిరిగిపోయింది.