శుభలేఖ అడుగున నా కథ చిరునామా

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోను తీస్తే మా బావ దగ్గరనుంచి ఒక మెసేజి వచ్చి ఉంది. మా బావ అంటే మా అక్క భర్త, మదనపల్లెలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరై, ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి. ఆయన ఈమధ్య ఇంటర్నెట్టులో సీరియలు రాస్తున్నాడట, ఆరో భాగం పెట్టాడట, లింకు నొక్కి చదివి, నచ్చితే నాలుగు మంచి మాటలు రాసి, తెలిసిన పదిమందికి పంపమని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు. నేను ఆ లింకు నొక్కలేదు. నొక్కను కూడా. ఇంత వయసొచ్చి ఇంకా ఈ పంతమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు గానీ, నా ఈడువాళ్ళు, ముఖ్యంగా చిన్న ఊళ్ళలో కూర్చుని ఎవరికీ చెప్పకుండా నాలుగు ముక్కలు రాసుకున్న ఆడవాళ్ళు, సంగతంతా విన్నాక నా పక్కనే నిలబడతారని నా నమ్మకం.

తొంభైల మొదట్లో నేను మదనపల్లెలో అక్కావాళ్ళింట్లో ఉండి టైపు నేర్చుకున్నాను. పొద్దున ఇంగ్లీషు, సాయంత్రం తెలుగు, మధ్యలో అక్కకు వంటింట్లో సాయం, ఎవరూ చూడనప్పుడు కథలు. వారపత్రికలకు పంపేటప్పుడు తిరుగు కవరు జతచేయాలి కదా, ఆ కవర్లన్నీ మా బావ చేతికే తిరిగొచ్చేవి, ఎందుకంటే పోస్టుమాను వచ్చే వేళకు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది ఆయనే. ఒకరోజు స్నేహితులు నలుగురు వచ్చి ఉండగా ఆయన కవరు చించి, నా కథలో మొదటి పేజీ రాగం తీసి చదివి, "ఇది కత గాదు మే, మీయమ్మ కొళాయి కాడ సెప్పే సోది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నలుగురిలో ఎవరు ఏ రంగు చొక్కా వేసుకున్నారో ఈనాటికీ చెప్పగలను.

నేను పుట్టుకతో బిడియస్తురాలిని. బస్సు ఆపమని కేక వేయలేక దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో నడుచుకుంటూ వెనక్కి వచ్చిన రోజులు ఎన్నో. ఆరోజు పళ్ళెంలో కాఫీ గ్లాసులు పెట్టుకొచ్చి ఆ నలుగురికీ ఇచ్చాను. కానీ నోరు పెగలని మనిషికి జ్ఞాపకం గట్టిగా ఉంటుందేమో, నాకు మాత్రం అలాగే ఉంది.

పెళ్ళయి పుంగనూరు చేరాక పదేళ్ళపాటు ఏమీ రాయలేదు. అక్కడ మా చిన్నాయనకు ప్రింటింగు ప్రెస్సు ఉండేది. రెండువేలు దాటాక ఆయన కంప్యూటరు కొని, ఇంట్లో టైపు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పిలిచి దాని ముందు కూర్చోబెట్టాడు. మా ఇంటాయన అడ్డు చెప్పలేదు, ఆ మాత్రం ఆయనకు చెప్పుకోవాలి. పెండ్లి కార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, బడిపిల్లల ప్రశ్నపత్రాలు, అన్నీ నా వేళ్ళమీదుగానే పోయేవి.

ప్రెస్సుకు ఎదురుగా నెట్ సెంటరు పెట్టిన ఒకన్న మధ్యాహ్నం టీ తాగడానికి మా దగ్గరికి వచ్చేవాడు. ఒకనాడు నా సొరుగులో కాగితాల కట్ట చూసి, ఏమిటని అడిగి, నేను నీళ్ళు నములుతుంటే అర్థం చేసుకుని, "ఎడిటరూ వద్దు, తిరుగు కవరూ వద్దక్కా, నువ్వే రాసి నువ్వే ఏసుకో, ఎవుర్నీ అడిగే పనే లేదు" అని బ్లాగు తెరిచి చూపించాడు. ప్రెస్సులో అలవాటైన అక్షరాలు నెట్టులో పెడితే గడులు గడులుగా కనబడేవి, అందుకని ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగైపోయే పద్ధతి కొత్తగా నేర్చుకుని, భోజనం వేళ మిగుల్చుకున్న అరగంటలో వారానికొక భాగం చొప్పున ఒక నవల మొదలుపెట్టాను. శాంతిపురం పక్క పల్లెలో రాతిక్వారీలో పనిచేసే ఒకామె, భర్త రోజూ కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనికి పోతూ, ఒక్కో వారం తిరిగిరాకుండా ఉంటే, పొలమూ మేకలూ అత్తగారూ అన్నీ తానే చూసుకుంటూ చివరికి ఒకరోజు అదే రైలు తానూ ఎక్కుతుంది. అదీ కథ. నా పేరు పెట్టలేదు. పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది, నెలరోజులకు అది పదకొండు దగ్గర నిలబడింది, అందులో ఆరుసార్లు చూసింది నేనే.

రాయడం వచ్చినంతగా ఇదిగో చదవండి అని చెప్పడం నాకు రాలేదు. తక్కిన బ్లాగులవాళ్ళు ఒకరి రాతల కింద ఒకరు కామెంట్లు పెట్టుకుని తమ చిరునామా వదిలి వచ్చేవాళ్ళు. నేనూ బాగుందని కొట్టి, మళ్ళీ చదువుకుని, వీళ్ళకు నేనెవరని చెరిపేసేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి బ్లాగు చిరునామా చిన్న చీటీల మీద అచ్చువేసుకుని, మదనపల్లెలో మా బావ పెద్దగా ఉన్న సాహితీ సంఘం సభకు పోయాను. చీటీలు చేతిసంచిలోనుంచి బయటికి తీయకముందే ఆయన మైకులో, ఇప్పుడు కంప్యూటర్లలో రాసేవాళ్ళు బయలుదేరారనీ, అది గోడమీద బొగ్గుతో రాసిన రాతలాంటిదేననీ, అడ్డుచెప్పేవాడు లేని చోట రాసేది రచన కాదనీ అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. పక్కనున్నావిడ కొడుతోందని నేను కూడా కొట్టాను, నా మీద నాకు పడిన ఆ దెబ్బను మాత్రం ఎవరి ఖాతాలో వేయాలో ఇప్పటికీ తెలియదు. చీటీలన్నీ అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక్కడ మావైపు శుభలేఖల సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్ళలో కథ చదివే ఓపిక ఎవరికీ ఉండదు గానీ, పెండ్లికార్డు మాత్రం మొదటి శ్రీకారం నుంచి చివరి చుక్కదాకా వేలు పెట్టి చదువుతారు. ఆహ్వానించువారిలో మా నాయన పేరు ముందుందా, మీ మామ పేరు ముందుందా, చిన్నత్త మొగుడి ఉద్యోగం రాశారా లేదా, ఎవరి పేరు ఎగిరిపోయింది, ఇవన్నీ చూడటానికి చదువురాని ముసలివాళ్ళు కూడా పక్కవాళ్ళచేత చదివించుకుంటారు. పేరు తప్పినందుకు పెండ్లికి పోనివాళ్ళు నాకు తెలుసు. ప్రూఫు చూసుకోవడానికి ఒక్కో పెండ్లివాళ్ళు ఎనిమిదిమంది వచ్చి నా కుర్చీ చుట్టూ నిలబడేవాళ్ళు. అవమానం ఎక్కడ దాక్కుందో అని అంత శ్రద్ధగా వెతికే జనాన్ని రోజూ చూస్తున్న నాకు ఒకరోజు ఆలోచన వచ్చింది. కార్డు అడుగున ప్రెస్సు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది కదా, దాని కింద ఇంకా చిన్నక్షరాల్లో నా బ్లాగు చిరునామా పెట్టాను. ప్రూఫులో కాదు, ప్రూఫు ఒప్పుకున్న తరువాత. అది తప్పేనని అప్పుడే తెలుసు. అయినా పెట్టాను.

రెండు నెలల్లో అంకె పదకొండు నుంచి కదిలి వందలు దాటింది. ఎవరో కామెంటు పెట్టారు, ఇంకెవరో తరువాతి భాగం ఎప్పుడని అడిగారు. నేను కార్డులు కొడుతూ లోలోపల నవ్వుకునేదాన్ని.

అప్పుడొచ్చింది సోమల రైతొకాయన కూతురి పెండ్లి. అబ్బాయిది కుప్పం. బెంగుళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి మేనమామ కార్డు అడుగున చిరునామా చూసి, ఏవో పెండ్లి ఫోటోలు పెట్టారనుకుని తెరిచాడు. తెరిస్తే ఆ వారం భాగంలో మా క్వారీ ఆమె రైల్లో కూర్చుని కాలిమెట్టెలు తీసి కొంగున ముడేసుకుంటోంది. ఇది ఆడపిల్లవాళ్ళు కావాలని చేసిన అపశకునమని ఆయన అగ్గిమీద గుగ్గిలమై, మొదటినుంచి అన్ని భాగాలూ ప్రింటు తీయించి, కుప్పం వచ్చి, ఎంత ఘోరమో చూడండని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడు. నా నవల తొలిసారి కాగితం మీదికి వచ్చింది ఆయన చేతిలోనే. మరునాడు సాక్ష్యంగా ఆ కట్ట చంకన పెట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని, సోమల రైతును పిలిపించుకుని ప్రెస్సుకు వచ్చాడు. వాళ్ళు వస్తున్నారని విని మా చిన్నాయన ముందే భయపడి, మాటకారి అని మా బావను మదనపల్లె నుంచి రప్పించాడు.

"ఇది మా పిల్లోని పెండ్లి కార్డా, మొగున్ని ఇడిసిపెట్టి పొయ్యేదానికి దారి సూపించే కాగితమా?" అని మేనమామ కార్డును మా చిన్నాయన ముఖం మీద ఆడించాడు. పెండ్లికూతురి తండ్రి పాపం తలగుడ్డ చేతిలో పట్టుకుని, నాకేమీ తెలియదప్పా అన్న మాట తప్ప ఇంకో మాట అనలేకపోయాడు. మా చిన్నాయన, "మిషన్ తప్పప్పా, యాడిదో అక్షరం ఈడికొచ్చి పడినట్లుండాది" అన్నాడు. అప్పుడు మా బావ కండువా సర్దుకుని, "పిల్ల తెలీక సేసింది. అందులో కతేముండాది, పనిలేని రాత. ఈ పొద్దే అంతా తీసేస్తుంది, మీరు శాంతించండి" అన్నాడు. నలభై దాటినదాన్ని పిల్ల అన్నాడు, అది అటుంచండి. నన్ను అడగకుండా నా తరఫున ఒప్పేసుకున్నాడు.

ఎదురుగా నెట్ సెంటరు అన్న ఖాళీ కంప్యూటరు తెరిచిపెట్టి నాకోసం చూస్తున్నాడు. వీధి దాటి పోయి రెండుసార్లు నొక్కితే చాలు, రెండేళ్ళ నా రాత లేకుండా పోతుంది, పెండ్లి జరుగుతుంది, నా పేరు బయటికి రాదు. లేవాలని లేచాను కూడా. లేచిన తరువాత నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మిషన్ తప్పు కాదు. నేనే పెట్టినా. అడక్కుండా పెట్టింది తప్పే, కార్డులన్నీ నేనే సరిసేసిస్తా. కత మాత్రం తియ్యను. అది నేను రాసింది."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మేనమామ మళ్ళీ అందుకోబోతుంటే, అంతవరకు స్టూలు మీద కూర్చుని వక్కాకు నములుతున్న ఆయన తల్లి, "నువ్వుండ్రా" అని కొడుకును ఆపి నావైపు తిరిగింది. "ఆ యమ్మి రైలెక్కినాక యాడ దిగింది? ఈడు ఆడికి సదివి ఆపేసినాడు."

ఇంకా రాయలేదవ్వా అన్నాను.

"రాయకుండా ఈడ కూసోని కార్డులు కొట్టుకుంటా ఉండావా! బెంగుళూరు దాకా పోనీ. నడిదోవన దించాకు."

ఆ తరువాత ఎవరికీ గట్టిగా అరవబుద్ధి కాలేదు. పంచినవి పోగా మిగిలిన కార్డులన్నీ కటింగు మిషను కింద పెట్టి అడుగున వేలెడు వెడల్పు నేనే కోసేశాను. దానితోపాటు ప్రెస్సు పేరు కూడా పోయింది. "నా పేరు గూడా పాయె గదమ్మా" అని మా చిన్నాయన వారం రోజులు సణిగాడు, నన్ను పెండ్లికార్డుల నుంచి తప్పించి ప్రశ్నపత్రాలకూ పెద్దకర్మలకూ పరిమితం చేశాడు. పెండ్లి మాత్రం నిక్షేపంగా జరిగింది.

కోసిన ముక్కలు పారేయలేదు. పొడుగాటి పసుపు కాగితపు పీలికలు, ఒక్కోదాని మీద నా బ్లాగు చిరునామా. మొదటిది అవ్వకిచ్చాను, రెండోది మా బావకిచ్చాను. ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నాడు, అది జేబులోనే ఉండి చాకలికి పోయిందని తరువాత అక్క చెప్పింది. తక్కినవి కలికిరి బస్సులో, కుప్పం స్టేషనులో, మదనపల్లె టమోటా మార్కెట్టు బయట, ఇది నేను రాసిన కథ, చదవండి అని నోటితో చెప్పి చేతికిచ్చాను. చీటీల కంపెనీ అనుకుని కొందరు తిరిగిచ్చేశారు. దేవుడి కరపత్రం అనుకుని ఒకామె కళ్ళకద్దుకుని, దీన్ని ఎంతమందికి రాసి పంచాలమ్మా అని అడిగింది. చదివితే చాలమ్మా అన్నాను.

కథలో ఆమె బెంగుళూరు దాకా పోయింది. చివరి భాగం కింద మొదటిసారి నా పేరు పెట్టుకున్నాను. సాహితీ సంఘంవాళ్ళు ఆ పేరును తమ పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు, రాయకపోతే పోనీ.

ఆ కుప్పం అవ్వ మనవడి అత్తగారింటికి సోమలకు పోయేటప్పుడల్లా పుంగనూరులో దిగి ప్రెస్సుకు వచ్చేది. స్టూలు లాక్కుని కూర్చుని, "యాడికొచ్చింది కత?" అనేది. నెట్ సెంటరు అన్న ప్రింటు తీసిచ్చినా ఆమెకు చదువు రాదు కాబట్టి నేనే చెప్పేదాన్ని, పక్కన ప్రశ్నపత్రాల కోసం వచ్చిన అయ్యవార్లు కూడా వింటూ నిలబడేవాళ్ళు. చెబుతూ చెబుతూ ఉంటే ఆమె ముఖం చూసి, ఇక్కడ తొందరపడ్డాను, ఇక్కడ సాగదీశాను అని నాకే తెలిసిపోయేది. ఇప్పుడు ఆ నెట్ సెంటరు లేదు, ప్రెస్సు లేదు, చిన్నాయనా లేడు, పెండ్లి పిలుపులు పాటతో సహా ఫోనులో వచ్చి పేర్లు చదివేలోపే మాయమవుతున్నాయి. నేను ఇంకా రాస్తున్నాను, చదవమని అడగడానికి ఇప్పుడు సిగ్గుపడను, ఎవరైనా తీసేయమంటే తీసేదీ లేదు. రాసింది పెట్టిన గంటలోపే ఎంతమంది చూశారో ఫోను చెబుతుంది, ఆనాటి అంకెల పక్కన పెడితే అది చాలా పెద్ద అంకె. తరువాత ఏమైందని అడగడానికి మాత్రం ఎవరూ బస్సు దిగి రావడం లేదు.