సీతాఫలం గింజల చేదు, జొన్న మొలక

రోహిణి కార్తె నడుస్తుండగా మా ఇంట్లో విత్తనాల జొన్నలు పుచ్చిపోయాయి. వంద గింజలు తీసి చూస్తే నలభైకి బెజ్జాలు. మృగశిరకు విత్తాలి, విత్తనం లేకుంటే చేను బీడే. ఇబ్రహీంపట్నంలో మా అక్క ఇంట జొన్నలకు పురుగే పట్టలేదని కబురు అందడంతో బయలుదేరాను.

భువనగిరిలో పొద్దున ఏడు గంటల బండి ఎక్కి, సికింద్రాబాదులో దిగి, జట్కాలో చాదర్‌ఘాట్ చేరాను. అక్కడి నుంచి ఇబ్రహీంపట్నానికి మోటారు బస్సుంది. ఛార్జీ నిజాం హాలీ సిక్కాలో ఆరణాలు. నిండేదాకా కదలదు కనుక వెంట రొట్టె ఉంచుకోవడం మేలు. పక్కన కూర్చున్న ముసలాయన నా ఖాళీ సంచి చూసి, "విత్తనాలకా పటేలా? యాడ దొర్కుతయి, అందరియి పురుగులే తినె" అన్నాడు.

మధ్యాహ్నం రెండు దాటాక అక్క ఇల్లు చేరాను. అన్నం తినకముందే విత్తనాల బాన చూపించమన్నాను. పేడతో మెత్తిన మూకుడు తీయగానే ఘాటైన చేదు వాసన ముక్కుకెక్కింది. పైన ఎండిన వేపాకు, దాని కింద పొడి అంటిన జొన్నలు. దోసిట్లోకి తీసి ఆడించి చూశాను. చచ్చిన ముక్కుపురుగులు నాలుగు కనిపించాయి. గింజకు మాత్రం ఒక్క బెజ్జం లేదు.

"మేము గూడ వేపాకు ఏసినం గదక్కా?"

"ఎండల ఆరబెట్టిన్రా?"

"అవ్."

"గందుకే. ఎండకు దాని సత్తువంత పోతది తమ్మీ. నీడల ఆరాలె. మల్ల సీతాఫలం గింజలు దంచి కలిపిన. విత్తనాలకే, తినేటి జొన్నలల్ల గాదు. దంచుతుంటే కంట్ల వడి రెండొద్దులు కండ్లు తెరువలే."

గడప మీద కూర్చున్న బావ నవ్వాడు. "పురుగు చచ్చింది, విత్తు గూడ చచ్చిందేమో! ఇగ మా చేన్ల సీతాఫలాలు మొలుస్తయి."

అక్క ముఖం చిన్నబోయింది. ఆ పొడి కలపడం ఆమెకూ ఇదే మొదటిసారట. వాళ్ల విత్తనమంతా ఆ బానలోనే ఉంది. పురుగును చంపిన చేదు మొలకను వదులుతుందా? నాకూ అదే సందేహం. వంద గింజలు లెక్కించి తడిగుడ్డలో మూటగట్టాను. మరునాడే తిరిగి వెళ్దామనుకున్నవాణ్ణి ఆగిపోయాను.

మూట వంటింటి దూలానికి వేలాడింది. అక్క అటు వచ్చినప్పుడల్లా నీళ్లు చిలకరించేది. నేను విప్పబోతే "ముట్టకు, జర ఆగు" అని కసిరేది.

మూడోనాటి పొద్దున ఆమే విప్పింది. గుడ్డ నిండా తెల్లని మొలకలు. లెక్కపెట్టాను: తొంభై మూడు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. అదే బాన, అదే పొడి. పురుగు ప్రాణం తీసిన చేదు, గింజ లోపలి ప్రాణాన్ని తాకనైనా తాకలేదు.

బావ ఒక మొలక నోట్లో వేసుకోబోతే అక్క చెయ్యి మీద కొట్టింది. "సీతాఫలాలు మొలుస్తయంటివి గదా! పండినంక తిందువు తియ్యి."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి, అక్క బానలోంచి నింపి ఇచ్చిన సంచి ఒడిలో పెట్టుకున్నాను. పక్కనున్నామె కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఏందన్నా గా వాసన?"

"విత్తనాలమ్మా."

"విత్తనాలా, దవాఖానా?"

దారి పొడుగునా రాళ్లగుట్టల మీద సీతాఫలం చెట్లు. లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో గుట్ట దాటేసరికి మానేశాను. మా ఊరి గుట్టల నిండా ఇవే. ఇన్నేళ్లూ పండు తిని గింజ ఉమ్మేయడమే తప్ప, ఎన్నడూ దాన్ని చేతిలోకి తీసుకుని చూడలేదు.