బోర్డు పడకముందే

ఎనామిల్ రంగు వాసన నాకు పడదు, తల పట్టేస్తుంది. నిన్న పొద్దున్న వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆ వాసన గుప్పుమంది. తలెత్తి చూస్తే ఎదురింటి ప్రహరీ గోడ మీద పెయింటరొకడు ఎర్ర రంగుతో 'మకాన్ బికావూ హై' అని రాస్తున్నాడు. ఇల్లు అమ్మకానికి ఉందని. పక్కనే ఫోను నంబరు రాయడానికి చోటు వదిలి, తీరిగ్గా బీడీ ముట్టించుకున్నాడు. నా నోట్లోంచి ఒక మాట దానంతటదే వచ్చేసింది. "ఓలమ్మో, బోర్డు దాకా రానిచ్చీసినారేటి!" అది నా మాట కాదు. ఎనభైల్లో రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్లో ఉండిన నర్సమ్మత్త మాట. ఆవిడ పోయి చాలా కాలమైంది గానీ, ఆవిడ మాటలు మాత్రం అద్దె కట్టకుండా నా నాలుక మీదే కాపురముంటున్నాయి.

నర్సమ్మత్త అసలు పేరు అప్పలనర్సమ్మ. పలాస దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన ఏడే బిలాస్‌పూర్ వచ్చింది. భర్త లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిడకు చదువు లేదు, మాట్లాడే హిందీలో సగం శ్రీకాకుళమే. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మ వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. ఆవిడకున్న అలవాటల్లా చుట్ట. మా వైపు ఆడవాళ్లు కొందరు కాల్చినట్టు, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. ఎవరైనా ఆఫీసరు భార్య ఎదురైతే పెదవులు బిగించి, చేతులు జోడించి, తల వంచుకుని నిలబడేది. ఆ దొరసానులు అదంతా వినయమనుకుని మురిసిపోయేవారు. నోట్లో నిప్పుంటే ఎవరు మాత్రం వినయంగా ఉండరు!

ఆ రోజుల్లో మా అందరి కష్టం ఒకటే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్వార్టరు. రిటైరయ్యాక నాలుగు నెలల్లో తాళం చెవి అప్పజెప్పాలి. ముప్పై ఏళ్లు ఒకే గోడలకు సున్నం వేసుకుని, ఒక రోజు సామాను రిక్షాల మీదికెక్కించి ఎక్కడికో పోవాలి. కాలనీ బయట తోర్వా, సిర్గిట్టి పేటల్లో చిన్న ఇళ్లు ఉండేవి గానీ, గోడ మీద బోర్డు పడిందంటే బేరగాళ్లు ముసిరేవారు. మాలాంటి వాళ్లకు గుమ్మం దాకా వెళ్లే యోగం కూడా ఉండేది కాదు. అందుకని బోర్డు పడకముందే ఇల్లు చూసుకోవాలి. చూసి పెట్టే మనిషి నర్సమ్మత్త. పైసా తీసుకునేది కాదు. సాయంత్రాలు చెప్పులేసుకుని ఆ పేటలన్నీ తిరిగేది. ఏ ఇంట్లో ఎవరు ఊరు కదిలిపోతున్నారో ఇంటివాళ్ల కంటే ముందే ఆవిడకు తెలిసిపోయేది.

ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "ఏటుందే అందల? ఏడాదికి సరిపడా ఆవకాయ ఎట్టనేదంటే ఆ ఆడమనిసి మనసు అక్కడ నేదు. వానలకి ముందు పెంకులు సర్దించనేదంటే ఆ మగమనిసి మనసు అక్కడ నేదు. ఇద్దరి మనసూ ఎల్లిపోయింతర్వాత మనం ఎల్లాల" అంది. ఇంతే ఆవిడ శాస్త్రం. మరో నియమం కూడా ఉంది. ఇంటావిడ తన నోటితో చెప్పేదాకా ఇంటి ఊసెత్తకూడదు. కొన్నాక కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు పొయ్యి వెలిగించాల్సింది కూడా కొన్నావిడ కాదు, అమ్మినావిడ. ఈ పద్ధతి ఏ శాస్త్రంలోనూ లేదని మా నాన్న వాదించేవాడు. "శాస్త్రం రాసినోడు ఎప్పుడైనా పొయ్యి ఊదినాడేటి?" అని ఆవిడ నోరు మూయించేది.

మా నాన్న రైలు డ్రైవరు. ఇల్లు అన్న మాట ఆయన చెవికి సోకేది కాదు. 'చూద్దాంలే' అంటూనే రిటైర్మెంటు మీదికి తెచ్చుకున్నాడు. నేను అప్పటికి రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేరి రెండేళ్లయింది. నా ఉద్యోగానికి క్వార్టరు రావాలంటే ఇంకా ఎన్నేళ్లో. అమ్మ రాత్రుళ్లు నిద్రపోకుండా గిన్నెలు లెక్కపెట్టుకునేది, ఏవి అమ్మేయాలో, ఏవి ఉంచుకోవాలో అని. ఆ వేసవిలో నర్సమ్మత్త నన్ను తోర్వాలో ఒక ఇంటికి తీసుకెళ్లింది. సాహూ అనే రైలు గార్డుది. రెండు గదులు, వంటిల్లు, బావి, పెరట్లో జామచెట్టు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త మాత్రం వాకిట్లోనే ఆగి పైకీ కిందికీ చూసింది. కప్పు మీద పోయినేటి పెంకులే, పగిలినవి పగిలినట్టే ఉన్నాయి. కింద మంచాల మీద మాత్రం ఉప్పూ పసుపూ పట్టించిన మామిడి ముక్కలు ఎండుతున్నాయి, ఏడాదికి సరిపడేటన్ని.

దారిలో అత్త చుట్ట తీసి అంది. "మగోడు ఎల్లిపోతన్నాడు. ఆడది ఉండిపోతంది. ఆయన ఆవిడికి సెప్పనేదు. మనం ఆగాల, రాజీ."

ఆగితే నేను రాజీని ఎందుకవుతాను! వారం తిరక్కుండా ఆఫీసులో నేనే రిటైర్మెంటు జాబితా టైపు చేశాను. నాన్న పేరు, సాహూ గార్డు పేరు ఒకే నెలలో ఉన్నాయి. ఈ కాగితం రేపు నోటీసు బోర్డు ఎక్కుతుంది, ఊరంతా చదువుతుంది, ఇల్లు చేజారిపోతుంది అనుకున్నాను. అత్తకు చెప్పకుండా, డ్యూటీ అవగానే ఒక్కదాన్నే తోర్వా వెళ్లాను. గార్డు బండెక్కి లైను మీదున్నాడు. ఆయన భార్య దులారీ చాచీ వంటింట్లో జాడీలు కడుగుతోంది. మోకాలెత్తు పింగాణీ జాడీలు, నాలుగు. ఆ వంటింట్లో అమ్మను ఊహించుకుంటున్నానో ఏమో, నోరు జారాను. "చాచీ, వెళ్లేటప్పుడు ఈ జాడీలు తీసుకెళ్తారా, ఇక్కడే ఉంచేస్తారా?"

దులారీ చాచీ చేయి ఆగిపోయింది. "కహాఁ లే జాబో, నోనీ?" అంది, ఎక్కడికి తీసుకెళ్తామే పిల్లా అని. నేను ఆమె ముఖం చూశాను. ఆమెకు నిజంగానే తెలియదు. రిటైరయ్యాక ఇల్లు అమ్మి మస్తూరీ అనే ఊళ్లో తన అన్నగారి దగ్గరికి వెళ్లిపోవాలని గార్డు అనుకున్నాడని మాకూ తర్వాతే తెలిసింది; వెళ్లే సంగతి ఆమెకు మొదట చెప్పినదాన్ని నేను. నేనేదో నసిగాను. ఆమె వినలేదు. బయటికెళ్లి, సగమెండిన మామిడి ముక్కలన్నీ ఒక్కొక్కటే చేటలోకి ఏరడం మొదలుపెట్టింది. సిగ్గుతో చచ్చినంత పనై బయటపడ్డాను.

మర్నాడు సాహూ గార్డు యూనిఫారం కూడా విప్పకుండా మా క్వార్టరుకొచ్చాడు. "మా ఇల్లు అమ్మకానికి లేదు. ఉన్నా మీకు ఇవ్వను" అని నాన్న ముఖం మీద చెప్పి వెళ్లిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నర్సమ్మత్త గోడ అవతల అంతా విన్నది. వచ్చి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా, "సదువుకున్న గుంటవి, కాయితం సదివినావు గానీ మనిసిని సదవనేదు" అని. తర్వాత చెప్పులేసుకుంది. "లెగు, ఎల్దాం" అంది.

"ఇంకేం ముఖం పెట్టుకుని వెళ్తాం అత్తా? ఇల్లు పోయింది కదా."

"ఇల్లు కోసం కాదే. ఆవిడింట్ల అగ్గెట్టింది నువ్వు. ఆర్పాలా వొద్దా?"

ఆ రోజు నుంచి రోజూ నా డ్యూటీ అవగానే తోర్వా వెళ్లేవాళ్లం. మొదటి రోజు దులారీ చాచీ తలుపు తీసి, మమ్మల్ని చూసి, మళ్లీ వేసేయలేదు గానీ, రమ్మనీ అనలేదు. నర్సమ్మత్త వాకిట్లో కూలబడి, "దీదీ, గల్తీ హమారా" అని, తప్పు మాదేనని ఒక్క ముక్క చెప్పి, అక్కడ పడున్న కత్తిపీట ముందుకేసుకుని మిగిలిన మామిడికాయలు కోయడం మొదలెట్టింది. నన్ను ముక్కలు తుడవమంది. దులారీ చాచీ తన పని తను చేసుకుంటూ పోయింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఇంట్లో నాన్న విసుక్కునేవాడు, ఇల్లు చూడమంటే ఊరగాయ పెట్టి వస్తున్నారేంటని. నాలుగు నెలల గడువు కళ్ల ముందు కనబడుతుంటే నేనూ రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఇల్లు అడగమని అత్త చెవిలో గొణిగాను. అత్త నా తొడ మీద గట్టిగా గిల్లింది.

నాలుగో రోజో ఐదో రోజో, అత్త ఆగలేక చుట్ట ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుంది. దులారీ చాచీ అప్పుడే వంటింట్లోంచి వస్తోంది. "ఏ దాఈ!" అని, అమ్మో అన్నట్టు కెవ్వున అరిచి, చేతిలో చెంబు కింద పడేసి, పరుగున వచ్చి అత్త నోట్లోంచి చుట్ట లాగేయబోయింది. అత్త తాపీగా పొగ వదిలి, నిప్పున్న కొస బయటికి తీసి చూపించింది, నాలుక కూడా చాపి చూపించింది. దులారీ చాచీ కళ్లు పెద్దవి చేసుకుని చూసి చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, చివరికి ఆ నవ్వే ఏడుపైపోయింది. ఈ ఇంటికి ఇటుకలు తను నెత్తిన మోసిందట. బావి తవ్వినన్నాళ్లూ కూలీలతో పాటు మట్టి తోడిందట. "మస్తూరీలో అన్నీ తోడికోడలివి. నాకు పొయ్యి కూడా ఉండదు" అంది. అత్త ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. ఇంటి మాట అప్పుడూ ఎత్తలేదు. ఆ క్షణంలో అడిగి ఉంటే ఆమె ఏమన్నా ఇచ్చేసేదే. అత్త అడగలేదు! ఇప్పటికీ తలుచుకుంటే నాకు గర్వంతో ఒళ్లు పులకరిస్తుంది.

ఈలోగా, అమ్మకానికి లేదని గార్డు కోపంలో అన్న ఆ ఇంటికే ఎవరో కాంట్రాక్టరు మంచి ధర ఇస్తానన్నాడని తెలిసింది. ధర ఇంకా పెరుగుతుందేమోనని గార్డు పెయింటరును పిలిపించాడు. అది ఆదివారం. మేమిద్దరం జాడీల్లో ఆవ, నూనె కలుపుతున్నాం. బయట ఎనామిల్ రంగు వాసన. పెయింటరు గోడ మీద 'మ' అని ఒక్క అక్షరం రాశాడో లేదో, దులారీ చాచీ పసుపు చేతులతోనే వెళ్లి వాడి ముందు నిలబడింది. పక్కనే ఉన్న భర్తతో ఛత్తీస్‌గఢీలో ఆమె అన్నది నాకు మాట పొల్లుపోకుండా గుర్తు. "నన్ను అడక్కుండా మీ అన్నకు మాటిచ్చావు. సరే, వస్తాను. కానీ నా పొయ్యి ఎవరికివ్వాలో నేను చెబుతాను. ఈ ఆంధ్రావాళ్లు ఇన్ని రోజులు నా వాకిట్లో కూర్చున్నారు. ఇల్లు అన్న మాట ఒక్కసారి ఎత్తలేదు. ఇస్తే వీళ్లకే ఇస్తాను."

గార్డు ఒకసారి గోడ మీది అక్షరం వైపు, ఒకసారి ఆమె పసుపు చేతుల వైపు చూశాడు. తర్వాత పెయింటరును పొమ్మన్నాడు. గరిటె నా చేతిలోంచి జాడీలో పడిపోయింది. నర్సమ్మత్త మాత్రం, "సూసి కలపవే, నూనె ఒలికిపోతంది" అంది, అంతే. కానీ ఆవిడ కళ్లు తడిగా ఉండటం నేను చూశాను.

మేము ఆ ఇంట్లో దిగిన రోజు దులారీ చాచీ మస్తూరీ నుంచి బస్సులో వచ్చింది. తన పొయ్యి తనే వెలిగించి, మా అమ్మ గిన్నెలో పాలు పొంగించింది. నాలుగు జాడీల్లో రెండు ఇక్కడే ఉంచేసింది. "తీసుకెళ్తారా, ఉంచేస్తారా అని అడిగావు కదా, నోనీ. సగం, సగం" అంది. అమ్మ ఆమెను కౌగిలించుకుని వదల్లేదు.

నేను ఇప్పుడున్నది ఆ ఇంట్లోనే. పెంకులు పోయి స్లాబు వచ్చింది. నాన్న ఎన్ని సున్నాలు కొట్టించినా గోడ మీద ఆ 'మ' మాత్రం ప్రతి వానాకాలం ఎర్రగా పైకి తేలుతుంది. ఈ ఊళ్లో ఎంత చదివిన వాళ్లను, ఎంత పెద్ద కుర్చీల్లో కూర్చున్న వాళ్లను చూశానో! అడిగితే దొరికేదాన్ని అడగకుండా కూర్చున్న మనిషిని నర్సమ్మత్త ఒక్కదాన్నే చూశాను. ఆ మనిషి నన్ను గిల్లి పెంచిందని చెప్పుకోవడం నాకు గొప్పే. తర్వాత రోజుల్లో నేను కూడా తెలిసినవాళ్లకు కొన్ని ఇళ్లు చూసిపెట్టాను. ఎక్కడా ఇంటావిడ కంటే ముందు నోరు విప్పలేదు.

నిన్న ముగ్గు పూర్తిచేసి, చేతులు కడుక్కుని ఎదురింటికి వెళ్లాను. ఆ ఇంటావిడ సంధ్య వంటింట్లో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది గానీ కళ్లు వాచి ఉన్నాయి. గూట్లో ఈ ఏటి మామిడి ఊరగాయ జాడీ, అంచు దాకా నిండుగా, కొత్త గుడ్డతో వాసెన కట్టి ఉంది. బయట గోడ మీద రంగు ఇంకా ఆరలేదు. నేను పీట లాక్కుని కూర్చున్నాను.

"ఆ చేట ఇటియ్యి, సంధ్యా" అన్నాను. "నేనూ ఏరుతాను."