అఫ్రా పాసు కోసం

డిసెంబరులో, మంచు మీద స్కీలతో జారడానికి వచ్చేవాళ్ళని కొండెక్కించే కుర్చీల లిఫ్టులు తిరగడం మొదలైన రోజున బుర్గి కొండెక్కిందంటే, మళ్ళీ ఈస్టరు పండగ దాటాకే ఇల్లు చేరేది. మధ్యలో ఎప్పుడైనా పన్ను నొప్పికో, కూతురి బడిలో ఏదైనా పని పడితేనో దిగివచ్చి, ఆ సాయంత్రమే తిరిగి వెళ్ళిపోయేది. లిఫ్టు కింది స్టేషన్లో పాసులు చూసి గేటు తెరిచే పని నాది కాబట్టి ఆ రాకపోకలన్నీ నా ముందే జరిగేవి. దిగినప్పుడల్లా నా గది కిటికీ తట్టి, "ఏమే మోనీ, కింద ఇంకా మనుషులున్నారా?" అని అడిగేది.

బుర్గి తండ్రి సెరాఫిన్ మా లోయలో మొట్టమొదటి లిఫ్టు కట్టినప్పుడు ఇనుప తాళ్ళు భుజాన మోసిన మనిషి. ఆ రోజుల్లో ఊరి పిల్లలకి టికెట్టు అడిగేవాళ్ళు కాదు. బడి వదలగానే సంచులు మంచులోకి విసిరేసి పైకి పోయేవాళ్ళం. మా అందరిలోకీ బుర్గి గట్టిది. ఒంటి కాలి మీద జారుతూ, దారిలో రొట్టె తింటూ చర్చి గోడదాకా వచ్చేసేది. తర్వాత లిఫ్టులు బయటివాళ్ళ చేతిలోకి పోయాయి. ఏటా కొత్త కుర్చీలు, కొత్త గేట్లు, కొత్త రేట్లు. వారం రోజుల పాసు ధర పెడితే నెలకి సరిపడా పొయ్యి కట్టెలు వస్తాయని సెరాఫిన్ చచ్చిపోయేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

అప్పటికి బుర్గికి ఏడేళ్ళ కూతురుంది, అఫ్రా. ఆ పిల్ల తండ్రి ఒక శీతాకాలం స్కీ నేర్పడానికి వచ్చి, మంచు కరిగేసరికి తనూ కనబడకుండా పోయినవాడు. బుర్గి హోటల్లో గదులు ఊడ్చేది. అయినా పిల్లకి స్కీ మాన్పించలేదు. ఈ లోయలో పుట్టి స్కీ ఎరగని పిల్ల అంటే చెరువులో పుట్టి ఈతరాని కప్ప అనేది.

తక్కువ ఖర్చుతో చలికాలం గడపడం ఎలాగో ఆమె దగ్గరే చూడాలి. అక్టోబరులో అగ్నిమాపకం వాళ్ళ షెడ్డులో పాత స్కీ సామాను సంత జరుగుతుంది. తలుపు తెరవకముందే అక్కడ నిలబడేది. పిల్ల పాదానికి రెండు సైజులు పెద్ద బూట్లు తీసుకుని, మొదటి ఏడు లోపల ఉన్ని మేజోళ్ళు కుక్కేది, మూడో ఏడు ఇరుకైతే అమ్మేసేది. దుకాణంలో ఇచ్చి చేయించకుండా స్కీల అంచులు తనే ఆకురాయితో పదును పెట్టేది. బాగా జారేందుకు బట్టల ఇస్త్రీపెట్టెతో అడుగున మైనం కరిగించేది. ఇల్లంతా కొవ్వొత్తుల వాసన. పైన హోటళ్ళలో పిల్ల చేత ఒక్క యూరో కూడా ఖర్చు పెట్టించేది కాదు. రొట్టె మధ్య పొగబెట్టిన మాంసం ముక్క పెట్టి, ఫ్లాస్కులో చారు పోసి జేబులో కుక్కి పంపేది. అన్నిటికీ ఉపాయం దొరికింది కానీ పాసుకి దొరకలేదు. ముందుగా కొంటే కాస్త తగ్గించి ఇస్తారు, ఆ తగ్గించిన ధర కూడా ఆమెకి అందేది కాదు.

ఆ ఉపాయం వెండెలిన్ చూపించాడు. కొండ మీద, లిఫ్టు దిగేచోట అతనికో హోటలుంది. మేం దాన్ని పైగుడిసె అంటాం. వంటమనిషి కావాలన్నాడు. పనిచేసేవాళ్ళకి సీజను పాసు ఉచితం, పద్దెనిమిది నిండేదాకా ఒక బిడ్డకి కూడా. ఊళ్ళో అతని ఇంటి మేడ మీద వాటా కూడా ఇస్తానన్నాడు. సీజను మధ్యలో మానేస్తే మాత్రం రెండు పాసులూ ఆ రోజే పోతాయి, వాటా ఖాళీ చెయ్యాలి. అతను చెప్పడం పూర్తయ్యేలోగానే బుర్గి ఒప్పేసుకుంది.

పైకి వెళ్ళాక తెలిసింది అసలు సంగతి. లిఫ్టులు తిరిగే వేళలూ వంటింటి వేళలూ ఒకటే. జనం వచ్చేముందు పొయ్యి వెలిగించాలి, వాళ్ళు దిగిపోయాక గిన్నెలు తోమాలి. అప్పటికి లిఫ్టు ఆగిపోతుంది. కిందికి జారితే పొద్దున పొయ్యి వేళకి తిరిగి పైకి రాలేదు కాబట్టి పడక కూడా అక్కడే. చలికాలం రాత్రుళ్ళు పిల్ల నా దగ్గర పడుకునేది. పాసు మెళ్ళో, చేతులు గిన్నెల్లో. ఆమె స్కీలు కట్టెల కొట్టంలో వేలాడుతుండేవి. గిన్నెలు తోమే తొట్టి ఎదురుగా ఒక కిటికీ ఉంది. అందులోంచి జారుడు దారి మలుపు కనిపిస్తుంది. సెలవు రోజుల్లో అఫ్రా ఆకుపచ్చ టోపీ ఆ మలుపులో కనబడగానే బుర్గి గరిటె పైకెత్తేది. పిల్ల స్కీ కర్ర పైకెత్తేది. ఆ రోజుకి అదే వాళ్ళ మాట.

మధ్యాహ్నం పూట ఓ రెండు గంటలు తనను స్కీకి వదలమని ఒకసారి వెండెలిన్‌ని అడిగిందట. మధ్యాహ్నమే కదా బుర్గీ జనం తినేది, నేనేమైనా వద్దన్నానా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడట. మరుసటి ఏడూ అదే అన్నాడు. దుర్మార్గుడేం కాదు. కానీ బుర్గికి వేరే దారి లేదని అతనికి తెలుసు, అది ఆమెకీ తెలుసు. ఊళ్ళో గదులన్నీ స్కీకి వచ్చే యాత్రికులకి రాత్రుల లెక్కన పోతుంటే ఊరివాళ్ళకి వాటా ఇచ్చేదెవరు?

అలా పదేళ్ళు గడిచాయి. అఫ్రా బాగా జారేది. క్లబ్బు పందేల్లో రెండుసార్లు గెలిచింది. పదిహేనో ఏట నుంచి నెమ్మదించింది, మాట తగ్గించింది. వయసు అలాంటిదనుకున్నాం. లోయలో ఎవరు ఎదురైనా ఆ పిల్లకి ఒకటే చెప్పేవాళ్ళు. మీ అమ్మ నీకోసం పొయ్యి దగ్గర కరిగిపోతోంది, ఒక్క రోజు కూడా పాడుచేసుకోకు అని. ఆ పిల్ల తలూపి గేటు దాటి పోయేది.

ఆ పదో ఏడు ఫిబ్రవరిలో బడికి సెలవులిచ్చారు. అఫ్రా ఉదయాన్నే పైకి వెళ్ళింది. మధ్యాహ్నానికి గాలి మొదలైంది. కుర్చీలు తాళ్ళకి ఉయ్యాలల్లా ఊగుతుంటే లిఫ్టు ఆపేశారు. ఆపైన మంచు పట్టుకుంది. కొండచరియ మీద మంచు ఎప్పుడు జారిపడుతుందో తెలియదు కాబట్టి పైగుడిసె నుంచి ఎవరూ కదలొద్దని రేడియోలో చెప్పారు. కింద మా రోడ్డు కూడా మూసేశారు. పైన చిక్కుకున్నవాళ్ళలో యాత్రికులు, వెండెలిన్, పనివాళ్ళు, తల్లీ కూతుళ్ళు. అక్కడ జరిగింది తర్వాత నాకు ఇద్దరూ విడివిడిగా చెప్పారు.

మొదటి రోజు యాత్రికులు పాటలు పాడారు. రెండో రోజు పొయ్యి పక్క కుర్చీ కోసం తగువులాడుకున్నారు. మూడో రోజు ఎవరి మొహం ఎవరూ చూడలేదు. కిటికీలు సగం దాకా మంచులో మునిగి, లోపల పగలే దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక పెద్దమనిషి వంటింటి గుమ్మంలో నిలబడి, కిందికి ఏ దారీ లేదా అని అడిగాడు.

"ఉందండీ, ఏప్రిల్‌లో," అంది బుర్గి.

అతను నవ్వలేదు. మీరిక్కడ ఎలా ఉంటున్నారమ్మా, నాకు మూడు రోజులకే పిచ్చెక్కుతోంది అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళిద్దరూ బంగాళాదుంపలు చెక్కుతున్నారు. ఇన్ని చలికాలాల్లో అంతసేపు ఒకచోట కూర్చోవడం వాళ్ళకదే మొదలు. బయట గాలి కాస్త తగ్గినట్టనిపించి బుర్గి హుషారుగా, రేపు తెల్లారేసరికి కొత్త మంచు, దాని మీద మొదటి స్కీ జాడ నీదే అంది.

అఫ్రా చెక్కడం ఆపలేదు. "నాకొద్దమ్మా."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. స్కీ వద్దు నాకు. రెండేళ్ళ నుంచీ వద్దు."

బుర్గి వేళాకోళమనుకుంది. "వద్దంటే మరి పొద్దునే లేచి ఎందుకొస్తున్నావే ఇంతదూరం?"

"నువ్వు కిటికీలోంచి చూస్తావని."

బుర్గి చేతిలో కత్తి ఆగింది. అఫ్రా తల వంచుకునే మిగిలింది చెప్పింది. అమ్మ గరిటె ఎత్తేదాకా ఆ మలుపులో తిరుగుతుందట. ఆ తర్వాత లిఫ్టు షెడ్డు వెనక గాలి తగలని చోట కూర్చుని, వేళ్ళు కొయ్యబారేదాకా చదువుకుంటుందట. చెక్కపని పుస్తకాలు. కిటికీలు, మెట్లు, పెట్టెలు ఎలా కూర్చాలో.

"ముందే చెప్పి ఏడవచ్చు కదా," అంది బుర్గి.

"ఎలా చెప్పను? నాకోసమే నువ్విక్కడ పడి ఉన్నావని ఊరంతా చెబుతారు. నాకు అక్కర్లేదంటే ఇన్నేళ్ళు నువ్వు దేనికున్నట్టు?"

బుర్గి కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు. తొక్కలు నిండిన గిన్నె ఎత్తి బయటి తొట్టిలో బోర్లించి, తలుపు దభాలున వేసింది. ఆ కోపం ఎవరి మీదో తనకే అంతుపట్టలేదని తర్వాత నాతో అంది.

మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. లిఫ్టు తాళ్ళు గడ్డకట్టాయి కాబట్టి ఇంకా తిరగవు. ముందువైపు వాలు మాత్రం పరీక్షించారు, జారగలిగినవాళ్ళు కొండ గస్తీమనిషి వెనకే దిగొచ్చని కబురొచ్చింది. యాత్రికులు ఎగబడి బూట్లు తొడుక్కుంటున్నారు. అఫ్రా తల్లి నడుముకున్న గుడ్డ విప్పి తను కట్టుకుంది.

"నువ్వెళ్ళు. పొద్దుటి ఫలహారాలు నేను చూస్తా."

వెండెలిన్ అడ్డొచ్చాడు. మరి నా జనం సంగతేంటి అన్నాడు. జనంలో సగంమంది వెళ్ళిపోతున్నారు, మిగిలినవాళ్ళకి గుడ్లు వేయించడం నాకొచ్చు అంది అఫ్రా. అతను గొణిగి, మధ్యాహ్నానికి వచ్చెయ్యాలి అని బుర్గితో అన్నాడు.

"లిఫ్టు లేకుండా ఎలా రమ్మంటారు? ఎగిరి రానా?" అంది బుర్గి.

దిగుతున్నవాళ్ళని నేను కిందనుంచి చూస్తున్నాను. ముందు గస్తీమనిషి, వెనకే యాత్రికులు, వాళ్ళ వెనక చాలా దూరంగా ఒక మనిషి. రెండు మలుపులు తిరగడం, ఆగడం. మళ్ళీ రెండు మలుపులు, పడిపోవడం. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే బుర్గి. ఒంటి కాలి మీద చర్చిదాకా జారిన బుర్గి.

లోపలికొచ్చి బల్ల మీద కూలబడింది. ఎప్పుడూ అడిగే మాట అడగలేదు. బూట్లు విప్పమని కాళ్ళు చాచింది.

"నాకు రావడం లేదే, మోనీ. మర్చిపోయాను."

టీ పెట్టిచ్చాను. అది తాగుతూ, కూతురన్నదంతా చెప్పింది. చివర్లో కప్పులోకి చూస్తూ, "ఆ పాసు దానికోసం సంపాదిస్తున్నాననుకున్నాను. నా సరదా దాని ఒంటిమీద తొడిగాను," అంది.

లిఫ్టు ఆ రోజూ తిరగలేదు, మర్నాడూ తిరగలేదు. వాటాలో ఒంటరిగా ఉండలేక బుర్గి మా ఇంట్లోనే ఉంది. ఎన్నో ఏళ్ళ తర్వాత చలికాలంలో కింద ఉండటం. కానీ స్థిమితంగా కూర్చోలేకపోయింది. గంటకోసారి వాకిట్లోకి వెళ్ళి పైగుడిసె పొగగొట్టం వైపు చూసి, పిల్ల పొయ్యి సరిగ్గానే మండిస్తోంది అని వచ్చేది. రోడ్డు మూసే ఉంది, లిఫ్టు ఆగే ఉంది. పైన కూతురు, కింద తల్లి.

లిఫ్టు తిరిగిన రోజున బుర్గి పైకే వెళ్ళింది. మరెక్కడికి వెళుతుంది? సీజను సగంలో మానేస్తే ఇల్లు పోతుంది. అఫ్రా కిందికి దిగి తన పాసు నా చేతిలో పెట్టి, "ఉంచు పిన్నీ, ఇక నాకు అక్కర్లేదు," అంది. ఆకుపచ్చ టోపీ ఆ తర్వాత కొండ మీద కనబడలేదు.

ఈస్టరు తర్వాత, వెండెలిన్ వాటా వదిలేద్దామని ఇద్దరూ ఇల్లు వెతికారు. ఊళ్ళోనూ, పక్క ఊళ్ళోనూ. దొరికినవి వేసవికి మాత్రమే ఇస్తామన్నారు, డిసెంబరుకి ఖాళీ చెయ్యాలట. అఫ్రా పక్క లోయలో ఒక వడ్రంగి దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. అక్కడే పడక, శుక్రవారం బస్సులో వచ్చేది. బుర్గి అక్టోబరుదాకా ఆగి, మళ్ళీ వెండెలిన్ గుమ్మం ఎక్కింది. అయితే ఈసారి అతను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగింది.

"రెండో పాసు నాకొద్దు. దాని బదులు వారానికి రెండు మధ్యాహ్నాలివ్వండి," అంది.

వెండెలిన్ చాలాసేపు గడ్డం గోక్కుని ఒకటికి ఒప్పుకున్నాడు. మంగళవారం, అదీ జనం తక్కువుంటేనే. డిసెంబరంతా ఏ మంగళవారమూ జనం తగ్గలేదు.

జనవరిలో ఒక మంగళవారం ఆమె నా గేటు దగ్గర కనబడింది. పెద్ద వాలుకి వెళ్ళలేదు. స్టేషను పక్కనే పిల్లలు నేర్చుకునే చిన్న దిబ్బ ఉంది, తిరిగే తాడు పట్టుకుంటే అదే పైకి లాగుతుంది. బుర్రకి పెద్ద టోపీలు పెట్టుకున్న పసివాళ్ళ వెనక వరుసలో నిలబడింది. నవ్వినవాళ్ళు నవ్వారు. రెండుసార్లు పడింది, మూడోసారి పడలేదు. నాలుగోసారి ఎక్కబోతుంటే నా గదిలో ఫోను మోగింది. పైగుడిసెకి బస్సుల జనం వచ్చారు, బుర్గిని వెంటనే పంపమని వెండెలిన్. నేను కిటికీ తెరిచి ఆ సంగతి కేకేసి చెప్పాను.

ఆమె తాడు వదల్లేదు. నాలుగింటిదాకా దొరకనని చెప్పు అని పైకి పోయింది. నేను అలాగే చెప్పాను. అతను కాసేపు అరిచి ఫోను పెట్టేశాడు.

నాలుగింటికి ఒంటికంటిన మంచు దులుపుకుని ఆఖరి కుర్చీలో పైకి వెళ్ళింది. మర్నాటి చారుకి ఉల్లిపాయలు ఇంకా తరగలేదంది.