సాక పోసిన తర్వాత

గుండెకు స్టెంట్ వేసి కరీంనగర్ ఆస్పత్రి నుంచి నన్ను ఇంటికి పంపినప్పటి నుంచి మా ఇంట్లో వంట మారిపోయింది. ఉప్పు, నూనె బాగా తగ్గించాలి, మాంసం, వేపుళ్లు, పచ్చళ్లు మానేయాలి అని డాక్టరు చెప్పాడు. బస్ డిపోలో డ్యూటీ చార్టులు రాసి రిటైరైనవాణ్ని కాబట్టి నాకు నియమం పాటించడం కష్టం కాలేదు. కష్టం నా భార్య విషయంలో వచ్చింది. నాకు వద్దన్నవన్నీ ఆమె కూడా మానేసింది.

ఇందులో ఆమె మొండితనం కంటే అలవాటు ఎక్కువ. పెళ్లయిన నాటి నుంచి నేను ముద్ద నోట పెట్టనిదే ఆమె కంచం ముందు కూర్చోదు. వాళ్ల అమ్మ అట్లాగే తినేది, మా అమ్మ అట్లాగే తినేది. నేను చాలాసార్లు వద్దన్నాను. ఆమె ఊ అంటుంది, మళ్లీ అట్లాగే చేస్తుంది. నేను ముందు తినాలి, తర్వాత ఆమె తినాలి. నేను తినకూడనిది వచ్చేసరికి ఆమె వంతు రావడమే ఆగిపోయింది. కారం అంటే ప్రాణమిచ్చే మనిషి, ఏడాది పాటు చప్పటి సొరకాయ కూర తిని ఊరుకుంది.

సిరిసిల్లలో ఉండే మా బిడ్డ వచ్చి చూసి నన్ను నిలదీసింది.

"బాపూ, అమ్మ జాకెట్లన్ని లూజైనయ్. నీ పథ్యం నువ్వు జెయ్యి. అమ్మతోని ఎందుకు జేపిస్తున్నవ్?"

"నేను జేపిస్తలేను బిడ్డా. తినమంటే తింటలేదు."

"ఎట్ల తింటదో నువ్వే సూడు మరి," అని వెళ్లిపోయింది.

జగిత్యాల ఊరి బయట కొత్తగా తెరిచిన పార్కులో రుచుల పండుగ పెడుతున్నారని అప్పుడే తెలిసింది. జెయింట్ వీలు, నీళ్లలోకి జారే జారుడుబల్లలు, వాటితో పాటు రకరకాల వంటకాల దుకాణాలు. ఆమెను అక్కడికి తీసుకుపోయి, ఇష్టమైనదేదో కడుపు నిండా తినిపించి తీసుకురావాలనుకున్నాను. ఆమెతో మాత్రం పార్కు చూద్దామనే అన్నాను. ఆ రోజు నా డైరీలో బస్సు ఎక్కిన వేళ, మాత్రలు వేసుకున్న వేళ ఉన్నాయి. అసలు సంగతి ఆ పేజీలో పట్టలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కోరుట్లలో బస్సెక్కాం. కండక్టరమ్మ ఆమె ఆధార్ కార్డు చూసి ఉచిత టికెట్ ఇచ్చి, నా దగ్గర డబ్బులు తీసుకుంది.

"నాకు ఉత్తగనే, నీకు పైసలు," అంది నా భార్య కిటికీ దగ్గరికి జరుగుతూ. "ఇగ ఇంట్ల పెద్దమనిషి ఎవరో సర్కారుకు తెల్వదా ఏంది?"

పార్కులో ఆమెను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, దుకాణాల వరస మొత్తం ఒకసారి తిరిగి చూసి వచ్చాను. ఎక్కడేముందో తెలియకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

"పెండ్లి కార్డులు పంచేటోని లెక్క అందరి కాడికి పోయొచ్చినవ్," అంది. "ఏం దొరికింది?"

నాటుకోడి కూర, జొన్నరొట్టె దొరికాయి. ప్లేటు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కూర ఎర్రగా, పైన నూనె తేలుతూ ఉంది. వాసన చూస్తేనే నాకు నోరూరింది. ఆమె ప్లేటు ఒళ్లో పెట్టుకుని నా ముఖం చూసింది.

"నీకు?"

"నాకొద్దని నీకు తెల్వదా? నువ్వు తిను."

"నువ్వు తిననిది నాకెందుకు?"

అక్కడే ఊడుస్తున్న ఒక ఆమెను పిలిచి, "ఇగో అక్కా, ఎవ్వలు ముట్టలే, తిను," అని ప్లేటు ఇచ్చేసింది. నాకు కోపం వచ్చింది.

"తినేటి కాడికొచ్చి తినకపోతే, వచ్చుడెందుకు?"

"నేనచ్చింది నీతోని. కోడికూర కోసం గాదు."

కాసేపు జెయింట్ వీలు తిరగడం చూస్తూ నిలబడ్డాం. పైనుంచి ఎవరో పిల్లలు కేకలు పెడుతున్నారు.

తర్వాతి దుకాణంలో సర్వప్ప కాలుస్తున్నారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె అది. రుచి చూడమని అందరికీ తలా ఒక తునక చేతిలో పెడుతున్నారు. నేను ఆలోచించకుండా నా తునకలోంచి గోరంత తుంచి నోట్లో వేసుకుని, మిగిలింది చేతిలో పట్టుకున్నాను. నా భార్య అది నా చేతిలోంచి తీసుకుని తినేసింది. తన చేతిలోదీ తినేసింది. అంచు కరకరలాడుతుంటే కళ్లు మూసుకుని నమిలింది. ఒక పూర్తి సర్వప్ప కొన్నాను. మళ్లీ చిన్న ముక్క నేను, మిగిలిందంతా ఆమె.

దారి దొరికిందనుకున్నాను. అటు నుంచి మొక్కజొన్నతో వేసే మక్క గారెల దగ్గరికి పోయాం. అక్కడా అంతే చేశాను. ఆ తర్వాత ఎండు ఖుబానీ పండ్లతో చేసిన మిఠాయి అమ్ముతున్న ఒక ముస్లిం ఆవిడ దగ్గర ఆగాం. ఆవిడదీ కోరుట్లేనట.

"అమ్మా, షుగర్ గిట్ల ఉన్నదా మీకు?" అని అడిగింది.

"నాకేం లేదు బీబీ. ఆయనకే గుండె."

"అయితే మీరు తినుండ్రి. ఆయన్ని సూసుకుంట నిలబడమనుండ్రి."

ఆడవాళ్లిద్దరూ నవ్వారు. నేను గిన్నె అందుకుని చెంచా కొస పెదవులకు తాకించి ఆమెకిచ్చాను. ఆమె తీసుకోలేదు.

"ఆగు. నువ్వు ఇంత నోట్ల పెట్టుకుంటే నేను తింటనని చేస్తున్నవ్ గదా?"

"అవ్, చేస్తున్న."

"గిట్ల ప్రతి దుకాణం కాడ ఇంత ఇంత నాకుకుంట పోతే ఏమైతది? మల్ల ఆ ఆస్పత్రికే పోతం." గొంతు తగ్గించింది. "ఆ వరండల నేను మల్ల కూసోను. నాతోని గాదు."

ఆపరేషన్ జరిగినంత సేపు ఆమె ఆస్పత్రి వరండాలో నేల మీద కూర్చుందని బిడ్డ చెప్పగా విన్నాను. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. గిన్నె దుకాణం బల్ల మీద పెట్టేశాను. ఇక నా ఉపాయం పనికిరాదు. ముట్టకపోతే ఆమె తినదు, ముడితే భయపడుతుంది. ఇంటికి పోదామా అని అడిగాను. పోదాం అంది.

గేటు వైపు నడుస్తుంటే ఆమె అడుగులు నెమ్మదించాయి. తాటాకులతో దడి కట్టిన దుకాణంలో ఒకాయన లొట్లు, అంటే కల్లు కుండలు, వరసగా పెట్టుకుని ఈతకల్లు పోస్తున్నాడు. కోనరావుపేట దగ్గర ఆమె పుట్టింటి వాళ్ల పొలం గట్లన్నీ ఈత చెట్లే. వాళ్ల నాయిన పొద్దున్నే తెచ్చేవాడట, చిన్నపిల్లలకు కూడా గుక్కెడు పోసేవాడట.

"పొద్దుగాల దించిందే అక్కా, ఇంక పులుపెక్కలే," అన్నాడు ఆయన. "నీకు, పటేలా?"

"నాకు డాక్టర్ వద్దన్నడు. ఆమెకు పొయ్యి."

నా భార్య వద్దనలేదు, ఊ అనలేదు. ఆయన తాటాకు దొప్పలో పోసి ఇస్తే రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని చుట్టూ చూసింది. అంతా సిమెంటు బండలు. క్రోటన్ మొక్కలు నాటిన చోట కాస్త మట్టి కనపడితే అక్కడిదాకా జాగ్రత్తగా నడిచి, వంగి, ఎల్లమ్మ తల్లికి సాక పోసింది. కల్లు తాగే ముందు మా దగ్గర అందరూ అట్లా నేల మీద కొంచెం పోస్తారు. అమ్మవారికి ఇచ్చాకే మనిషి తాగాలి. తర్వాత వెనక్కి వచ్చి, దొప్ప అట్లాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

అప్పుడు అన్న మాట నేను ముందే అనుకున్నది కాదు.

"ఇగ నా దిక్కెందుకు సూస్తవ్? ఎల్లమ్మ ముందుగాల తాగింది గదా. ఆ తల్లి తాగినంక నేనెంత?"

ఆమె మట్టిలో ఇంకుతున్న తడి వైపు చూసింది. నా వైపు చూసింది.

"పెద్దమనిషి కరెక్టే చెప్తున్నడక్కా," అన్నాడు కల్లు పోసే ఆయన. "అమ్మవారు మొదలువెట్టినంక ఎవ్వలికోసం ఆగేది లేదు."

"నువ్వూకో. కల్లు అమ్ముకునేటోనివి, నువ్వట్లనే అంటవ్," అంది. అని, కొంగు సర్దుకుని, తల వెనక్కి వంచి, ఆగకుండా తాగింది. పెదవి మీద నురగ మిగిలింది. తుడుచుకోకుండా దొప్ప ముందుకు చాపింది.

"ఇంకింత పొయ్యి."

రెండోది నెమ్మదిగా తాగింది. "మా నాయిన తెచ్చింది ఇంకా తియ్యగుండేది," అంది. తాగి, నన్ను దడి పక్కన బల్ల మీద కూర్చోమని, ఉప్పు వేయని మజ్జిగ ఎక్కడైనా దొరికితే తాగమని చెప్పి, తను లేచింది. ఎక్కడికని అడిగేలోపే దుకాణాల వైపు నడిచింది.

కాసేపటికి కోడికూర, జొన్నరొట్టె ప్లేటు తనే పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. రొట్టె తుంచి కూరలో ముంచింది. ఆ ముద్ద నాకిస్తుందేమోనని చూశాను. వంగి బల్ల కింద నేల మీద పెట్టింది.

"కోడి గూడ ఇష్టమే ఆ తల్లికి," అంది.

ఆ తర్వాత నా వైపు చూడలేదు. తింటూ పోయింది. కారానికి ముక్కు ఎగబీల్చింది, ఎముక కొరికి మూలుగ జుర్రింది, వేళ్లు నాకింది. నేను పక్కన కూర్చుని చూశాను. ఇన్నేళ్లలో ఆమె తినడం మొదటి ముద్ద నుంచి చూసింది ఆ రోజే.

"ఉప్పు ఎట్లున్నది?" అని అడిగాను.

ఆమె నోట్లో ముద్ద అయిపోయేదాకా ఆగింది.

"నీకు చెప్ప," అంది. "ఆశ పడ్తవ్."