పెన్నకు వచ్చిన తెల్లనొసలి బాతు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి చలికాలం. అప్పుడు నేను జమ్మలమడుగులో బడిపంతులమ్మను. మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన మా నాన్నకు ఒక దొర ఇచ్చిపోయిన దుర్భిణి పట్టుకుని రోజూ పొద్దున్నే పెన్న ఒడ్డుకు పోయేదాన్ని. ఏటా వచ్చే పెద్దబాతుల తలల మీద రెండు నల్లపట్టెలుంటాయి. ఆ రోజు వాటి మధ్య పట్టెల్లేనిది ఒకటి కనబడింది. నొసలు తెల్లగా ఉంది. పొట్ట మీద నల్లచారలు.

మా బడి డ్రాయింగు మాస్టారుకు చూపించాను. అన్నా అని పిలిచేదాన్ని ఆయన్ను. చక్కగా బొమ్మ గీసిచ్చాడు. దాన్ని జతచేసి, పక్షుల సంగతి తెలిసిన బొంబాయి పెద్దాయన ఒకరికి రాశాను. ఇంత దక్షిణాన ఇది అరుదు, ఎవరో పెంచుకుంటే తప్పించుకుని వచ్చిందేమో చూడమని జవాబొచ్చింది. రెక్కల ఈకలు కత్తిరించారా, మనిషిని దగ్గరికి రానిస్తుందా అని అడిగాడు.

పది రోజులు ఒడ్డున జమ్ముగడ్డి చాటున కూర్చుని చూశాను. ఈకలు నిండుగా ఉన్నాయి. నేను కాస్త కదిలితే చాలు, మందకంటే ముందు అదే లేచేది. తుపాకులతో వచ్చిన ఇద్దరిని బతిమాలి వెనక్కి పంపాను. అడవిదేనని రాయబోతున్నానని బళ్లో అందరికీ చెప్పాను.

ఆ సాయంత్రం అన్న మా ఇంటికొచ్చాడు.

"సెల్లెలా, సెప్పకుంటే పాపం. అది తొండూరులో మా అక్క సాకిన బాతు. తప్పిచ్చుకోని వచ్చిందంట."

"మనిషిని చూస్తే బెదురుతాంది గదన్నా?"

"కొత్త తావు గదా. నేను పిలిస్తే వస్తాది. పట్టుకపోయి ఇచ్చేస్తాలే. నువ్వింక సలిలో యాడికీ పోవాకు."

మరి బొమ్మ గీసిన రోజే ఎందుకు చెప్పలేదని అడగాలని కూడా తోచలేదు. నా కళ్లకంటే ఆయన మాటే నమ్మాను. పెంపుడుదట, మన్నించమని బొంబాయికి రాశాను. వారంలో ఆ బాతు కనబడకుండా పోయింది.

ఆ నెలలోనే ప్రొద్దుటూరు నుంచి బడుల ఇన్‌స్పెక్టరు వచ్చి అన్న ఇంట్లో భోంచేశాడు. వేసవికి అన్నకు సొంతూరు పులివెందులకు బదిలీ అయింది. వీడ్కోలు సభ నేనే ముందుండి చేయించాను.

మరుసటి ఏడు తొండూరులో ఒక పెళ్లికి పోయినప్పుడు అన్న వాళ్లక్క ఇంటికి వెళ్లి, బాతు ఎలా ఉందని అడిగాను. ఆమె నవ్వింది.

"మా ఇంట్లో కోళ్లు తప్ప బాతులు యెప్పుడూ సాకలేదమ్మా. ఆ పెన్నేటి బాతా? ఇనస్పెక్టరుకు కొట్టించినాడే మా తమ్ముడు! నేనే వచ్చి మసాలా నూరినా. శానా గట్టి మాంసం."

పెళ్లి చూడకుండానే పులివెందుల బస్సెక్కాను. బడి వరండాలో నన్ను చూడగానే అన్న తల దించుకున్నాడు.

"నా బిడ్డలు ఈడ, నేను ఆడ. బదిలీ చేసే ఇనస్పెక్టరుకు అడివి మాంసమంటే పానం. అడిగింటే ఇడిసేదానివా?"

"లేదు," అన్నాను.

"అందుకే సెప్పలేదు."

చంపినందుకు కాదు నాకు బాధ. పది రోజులు చలిలో కూర్చుని తేల్చుకున్నదాన్ని ఒక్క అబద్ధంతో తుడిచేశాడు. ఆ అబద్ధాన్ని బొంబాయికి కూడా నా చేతే రాయించాడు. టీ తెప్పిస్తానన్నాడు. వద్దని వచ్చేశాను.

బొంబాయికి నిజం రాయాలని చాలాసార్లు అనుకున్నాను. పెంపుడుదని ఒకసారి రాసిన మనిషి, కాదు అడవిదే, వండుకుని తినేశారు అంటే ఎవరు నమ్ముతారు? రాయలేదు.