లూనెన్‌బర్గ్ దారిలో, ఒక ఖైదీ భార్య కోసం

విద్యార్థులు వెల్లువలా వచ్చిపడిన ఏడాది కెనడాలోని హాలిఫాక్స్‌లో గది దొరకడం గగనమైంది. అప్పుడు నాకు బేస్‌మెంట్ అద్దెకిచ్చిన డెబ్బై ఎనిమిదేళ్ల మార్గరెట్ ఆంటీ కోసమే ఈ ప్రయాణం. ఆవిడ తాతకు తాత థామస్ గొర్రెను దొంగిలించి దొరికిపోతే, ఇంగ్లండులో శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడెక్కించారట. భార్య ఆన్ పిల్లలతో ఇక్కడికి వచ్చి, మొగుడు పోయాడని అందరికీ చెప్పుకుందని ఇంట్లో కథ. థామస్ అక్కడ చాలా ఏళ్లు బతికాడని పాత రికార్డుల్లో దొరికినప్పటి నుంచి ఆంటీకి ఒకటే దిగులు: "బతికున్న మనిషిని పోయాడని చెప్పేంత అసహ్యమా ఆమెకు?"

శనివారం ఉదయం తొమ్మిదికి బయలుదేరాం. ఆన్‌ను పూడ్చిన చర్చి దాకా బస్సు లేదు; రెంటల్ కారు, పెట్రోలు కలిపి తొంభై డాలర్లయింది. నడిపింది కాలేజీలో నా జూనియర్, కరీంనగర్ శ్రవణ్. 103 హైవే మీద గంటంబావులో లూనెన్‌బర్గ్, అక్కడి నుంచి ఇరవై నిమిషాలకు సముద్రం ఒడ్డున చిన్న చర్చి. దారంతా ఆంటీ అల్లం బిస్కెట్లు పెడుతూనే ఉంది.

"ఇగ చాలు ఆంటీ, కడుపు పగుల్తది," అన్నాడు శ్రవణ్ తెలుగులోనే. ఆవిడ నవ్వి ఇంకో రెండు పెట్టింది.

ఆన్ సమాధి రాయి సగం మట్టిలో దిగబడి ఉంది. పేరు, వయసు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆంటీ చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. నేనా, సమాధుల పండుగకు గడ్డి పీకి, కడిగి, సున్నం వేశాకే కొవ్వొత్తి వెలిగించే నర్సాపురం పిల్లను. ఆలోచించకుండా కూర్చుని పీకడం మొదలుపెట్టాను.

"ఆగు! ఇక్కడ ఎవరూ సమాధుల మీద చెయ్యి వేయరు!" ఆంటీ అరిచింది.

"గడ్డే కదా ఆంటీ. ఇలా వదిలేసి వచ్చానని తెలిస్తే మా అమ్మ నన్ను చీరేస్తుంది."

"అక్కా, కింద ఇంకేమో రాసి ఉన్నది," అన్నాడు శ్రవణ్.

తడిగుడ్డతో మట్టి తుడిచాను. ఆంటీ వంగి, కూడబలుక్కుంటూ చదివింది: "న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్న థామస్ భార్య."

ఆస్ట్రేలియాలో ఖైదీల్ని దించిన చోటే అది. ఆంటీ అంది: "పోయాడని చెప్పింది ఆన్ కాదు. తర్వాత పుట్టిన మేమే సిగ్గుపడి ఆయన్ని చంపేశాం."

పరువు కోసం మనుషుల్ని మాయం చేయడం మన ఇళ్లలోనే ఉందనుకునేదాన్ని. ఆ పూట ఆవిణ్ణి చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. మీరూ ఇలా వెళ్తే ముందే చర్చికి ఫోన్ చేసి అనుమతి అడగండి. బ్రష్షు, సబ్బు వద్దు. నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పెద్దవాళ్లుంటే చాప మాత్రం మరవకండి. మిగతా గడ్డి తనే పీకుతానని కూర్చున్న మార్గరెట్ ఆంటీ గంటసేపు లేవలేదు.